కలానికి సర్వీసు రిజిస్టరు లేదు



పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాసి ఇమ్మని మన కార్యదర్శిగారు అడిగారు. ఖజానా శాఖలో ముప్పై ఏడేళ్ళు బిల్లులు పాసుచేసిన గుమాస్తాను నేను. నాకు తెలిసిన చరిత్ర అంతా వోచర్లలోనే ఉన్నది. అయినా చిన్ననాటినుండి పత్రికలు చదివే అలవాటు, ఆ పత్రికలకు అడపాదడపా కథలు వ్రాసిన అనుభవం ఉన్నవి కనుక, తెలుగుదేశంలో కలాన్నే నమ్ముకొని బ్రతికినవారి గురించి నాలుగు మాటలు చెబుదామని కూర్చున్నాను. ఈ రోజుకూ ఆ విషయానికీ సంబంధమేమిటని మీరడగవచ్చు. అది చివరకు తెలుస్తుంది. ఓపికతో చదవమని మనవి.

1982 డిసెంబరు 17వ తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పు మన సభ్యులలో తెలియనివారు లేరు. పింఛను అనేది ప్రభువు దయతలచి వేసే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని ఆ తీర్పు సారాంశం. 1979 మార్చి 31 అనే ఒక తేదీని గీతగా గీసి, దానికి ముందు రిటైరైనవారికి ఒక లెక్క, తర్వాతివారికి ఒక లెక్క అనడం చెల్లదని రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. అందుకే డిసెంబరు 17 మనకు పండుగ అయింది. కాని, మన పండుగ వార్తను మన గుమ్మంలోకి తెచ్చినవారు, పత్రికలకు వార్తలు అందించినవారు, వ్యాసాలు వ్రాసి మనకు అర్థమయ్యేటట్లు చెప్పినవారు ఉన్నారే, వారిలో చాలామందికి ఆనాడూ పింఛను లేదు, ఈనాడూ లేదు. ఈ వ్యాసం వారి గురించి.

సొంత సొమ్ము పోసి నడిపిన రోజులు

తెలుగులో తొలి తరం పత్రికా రచయితలు పత్రికవల్ల బ్రతికినవారు కారు, పత్రికను బ్రతికించినవారు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో వివేకవర్ధని మొదలుపెట్టేనాటికి బడిపంతులు. పంతులుగిరీ మీద వచ్చే జీతంతో ఇల్లు గడవాలి, పత్రికా నడవాలి. తమ రాజశేఖర చరిత్రమును మొదట ఆ పత్రికలోనే ప్రకటించి, 1880లో పుస్తకంగా తెచ్చారు. ఆ రోజుల్లో రచయితకు పారితోషికం అనే మాట ఎక్కడిది? అచ్చుకూలి తనమీద పడకపోతే అదే పదివేలు.

1902లో మచిలీపట్నంలో కృష్ణా పత్రిక పుట్టింది. 1907లో సంపాదకత్వం స్వీకరించిన ముట్నూరి కృష్ణారావుగారు 1945లో కన్నుమూసేవరకు ఆ కుర్చీలోనే ఉన్నారు. ముప్పై ఎనిమిదేళ్ళ సర్వీసన్నమాట. మన లెక్క ప్రకారమైతే పూర్తి పింఛనుకు అర్హత దాటిపోయిన సర్వీసు. ఆయనకు దక్కింది జాతి గౌరవం.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి సంగతి వేరు. ఆయన 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం పెట్టారు. 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించి, 1914లో మద్రాసుకు తరలించి దినపత్రిక చేశారు. 1924లో భారతి మాసపత్రిక వెలువడింది. తలనొప్పి మందు అమ్మిన డబ్బు తెలుగు సాహిత్యానికి పెట్టుబడి అయిందని మా పెద్దలు నవ్వుతూ అనేవారు. నవ్వుకు అన్నా అది నిజమే. భారతిలో ఒక వ్యాసం పడితే జన్మ తరించిందనుకున్న పండితులు ఎందరో. ఆ భారతి, ఆ ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయినప్పుడు మా ఇంట్లో పెద్దదిక్కు పోయినట్లు బాధపడ్డాను.

నైజాం వైపు కష్టం రెండింతలు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1926లో హైదరాబాదులో గోలకొండ పత్రికను వారానికి రెండుమార్లు వచ్చేటట్లు స్థాపించారు. చదివింది న్యాయశాస్త్రం. వకీలుగా స్థిరపడితే హాయిగా ఉండేవారు. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న ఆక్షేపణకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వేశారు. వాదనతో కాదు, జాబితాతో నోరు మూయించారు. మనవంటి గుమాస్తాలకు బాగా నచ్చే పద్ధతి అది. ఆయన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తెలుగు గ్రంథానికి ఆ బహుమతి రావడం అదే మొదలు. ఆ సరికి ప్రతాపరెడ్డిగారు లేరు. 1953లోనే వెళ్ళిపోయారు.

అక్కడే వట్టికోట ఆళ్వారుస్వామిగారు వంటపని చేసి, హోటలులో పనిచేసి, ప్రూఫులు దిద్ది, 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు మోసుకొని ఊరూరా తిరిగి అమ్మారు. జైలుకూ వెళ్ళారు. 1961లో ఆయన చనిపోయేనాటికి వయస్సు నలభై అయిదు.

సబ్ ఎడిటరు కుర్చీ, చెట్టుకింది బ్రతుకు

1938లో మద్రాసులో ఆంధ్రప్రభ రావడంతో తెలుగు రచయితకు నెలజీతం అనే మాట కొంత అలవాటయింది. విశాఖపట్నంలో కాలేజీ డిమాన్‌స్ట్రేటరుగా పనిచేసిన శ్రీశ్రీగారు ఆంధ్రప్రభలో సబ్ ఎడిటరుగా చేరారు. ఎక్కడా ఎక్కువకాలం నిలవలేదు. యుగాన్ని మార్చిన కవిత్వం వ్రాసిన మనిషి మహాప్రస్థానం పుస్తకంగా రావడానికి 1950 వరకు ఆగవలసి వచ్చింది. అదే సంవత్సరం ఆహుతి అనే డబ్బింగు చిత్రానికి మాటలు, పాటలు వ్రాశారు. తెరమీద కదిలే పెదవులకు సరిపోయేటట్లు తెలుగు మాటలు కూర్చడం ఆయనకు అన్నం పెట్టింది. కవిత్వం పెట్టలేదు.

ఆరుద్రగారిది ఇంకొక దారి. యుద్ధకాలంలో వైమానిక దళంలో చేరి, తర్వాత మద్రాసు వచ్చి, కొంతకాలం ఆనందవాణి పత్రికలో పనిచేసి, ఆపైన ఎవరి కొలువూ లేకుండా బ్రతికారు. సినిమా పాటలు పొయ్యి వెలిగించాయి. ఆ వెలుగులో కూర్చుని ఆయన చేసిన పని సమగ్ర ఆంధ్ర సాహిత్యం. ఏ విశ్వవిద్యాలయమో పదిమంది ఆచార్యులను నియమించి చేయించవలసిన పనిని ఒక్కడు చేశాడు. ఎం. శేషాచలం కంపెనీ వారు దానిని 12 సంపుటాలుగా అచ్చువేశారు. మా గ్రంథాలయంలో ఆ సంపుటాల కోసం పేరు వ్రాయించుకొని వంతు వచ్చేదాకా ఆగిన రోజులు నాకు గుర్తు.

కొడవటిగంటి కుటుంబరావుగారు తెనాలి మనిషి. గుమాస్తాగా, ఉపాధ్యాయుడిగా, ఫోర్‌మన్‌గా రకరకాల పనులు చేసి, ఆంధ్రపత్రిక వారపత్రికలో కొంతకాలం ఉండి, 1952లో చందమామలో చేరారు. 1980లో మరణించేవరకు అక్కడే. ఇరవై ఎనిమిదేళ్ళు మన పిల్లలకు అంత చక్కని తెలుగు చదివించిన ఆ చేతికి పత్రిక మీద సంపాదకుడనే పేరు లేదు. అదే చందమామలో తోకచుక్క, కంచుకోట, రాకాసిలోయ వంటి ధారావాహికలు చదివి నిద్రలు మానుకున్నాము గదా, అవి వ్రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యంగారని మనలో ఎంతమందికి అప్పుడు తెలుసు? ఆ కథల మీద రచయిత పేరు ఉండేది కాదు. పిల్లల పత్రికలో ఆనవాయితీ అది. తప్పు పట్టడానికి చెప్పడం లేదు. పేరు లేని రచన అనే మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దానితో పని పడుతుంది.

రావూరి భరద్వాజగారు బడి చదువు మధ్యలో ఆగిపోయినవారు. పొలం పనులు, అచ్చుకూటం పనులు చేశారు. 1946లో నెల్లూరులో జమీన్ రైతు పత్రికలో చేరినది మొదలు పత్రిక తర్వాత పత్రిక మారారు. 1959లో హైదరాబాదు ఆకాశవాణిలో చేరాక, నెల మొదటి తేదీన జీతం వచ్చే సుఖం తెలిసింది. 1987లో పదవీ విరమణ చేశారు. పాకుడురాళ్ళు వ్రాసిన ఆ చేతికి 2012 సంవత్సరపు జ్ఞానపీఠం ఇచ్చారు. 2013లో అది ప్రకటించారు, ఆ యేడే ఆయన కన్నుమూశారు. రచయితల జీవిత చరిత్రలు చదివేటప్పుడు నా కన్ను ముందుగా పోయేది ఇటువంటి చోటికే. ఎన్నడు స్థిరమైన కొలువులో చేరాడు, ఎన్నడు విరమించాడు అని. ఖజానా బుద్ధి ఎక్కడికి పోతుంది?

స్త్రీలలో మాలతీ చందూర్‌గారిని చెప్పుకోవాలి. 1952లో ఆంధ్రప్రభ వారపత్రికలో ప్రమదావనం శీర్షిక మొదలుపెట్టి నాలుగు దశాబ్దాలకు పైగా నడిపారు. వంటనుండి వరకట్నం దాకా ఏ ప్రశ్న వచ్చినా జవాబు ఇచ్చేవారు. మా అమ్మ చదువుకున్నది మూడవ తరగతి. ఆ శీర్షిక కోసమే కూడబలుక్కొని చదవడం మరచిపోకుండా నిలుపుకున్నది. 1960ల తర్వాత సీరియల్ నవలల కాలం వచ్చింది. యద్దనపూడి సులోచనారాణిగారి సెక్రటరీ వంటి నవలలతో పత్రికల అమ్మకాలు పెరిగాయి. యండమూరి వీరేంద్రనాథ్‌గారు బ్యాంకు ఉద్యోగం వదలి పూర్తికాలం రచయిత అయి నిలబడ్డారు. నిలబడినవారిని చూసి వదిలినవారు మాత్రం చాలామంది. నిలబడనివారి పేర్లు ఏ చరిత్రలోనూ ఉండవు.

చట్టం గీసిన గీత

పత్రికల్లో పనిచేసేవారి కష్టసుఖాలు విచారించడానికి ప్రభుత్వం 1952లో మొదటి ప్రెస్ కమిషన్ వేసింది. కమిషన్ 1954లో నివేదిక ఇచ్చింది. 1955లో వర్కింగ్ జర్నలిస్టుల చట్టం వచ్చింది. పని గంటలు, సెలవులు, గ్రాట్యుయిటీ, ప్రావిడెంటు ఫండు, వేతన సంఘం అన్నీ దానివల్ల వచ్చాయి. మంచి చట్టం. కాని అది పత్రికా సంస్థలో ఉద్యోగిగా ఉన్నవారికి. నియామక పత్రం లేకుండా, అచ్చయినదానికి మాత్రమే డబ్బు తీసుకొనేవాడు ఆ గీతకు అవతలే ఉండిపోయాడు. ఈ రోజుల్లో వారిని ఫ్రీలాన్సు అంటున్నారు. మా రోజుల్లో ఊరి విలేకరి అనేవాళ్ళం. కథలు వ్రాస్తే రచయిత, పెండ్లి శుభలేఖ వ్రాస్తే పంతులుగారు, ఏమీ వ్రాయని నెలలో ఖాళీ మనిషి.

ఇక ప్రభుత్వోద్యోగులమైన మనకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి. పత్రిక నడపరాదు, సంపాదకత్వం వహించరాదు, ప్రభుత్వాన్ని విమర్శిస్తూ వ్రాయరాదు. కేవలం సాహిత్యమైతే పట్టింపు తక్కువ. అందుకే మన ఆఫీసుల్లో అన్ని కలం పేర్లు. భార్య పేరుతో వ్రాసినవారు, కూతురు పుట్టకముందే ఆమె పేరుతో వ్రాసినవారు నాకు తెలుసు. నా మొదటి కథ 1973లో వచ్చింది. పదిహేను రూపాయల మనియార్డరు. పోస్టుమానుకు రూపాయి ఇచ్చి, మిగిలిన పద్నాలుగు రూపాయలు మా అమ్మ చేతిలో పెట్టాను. ఆమె వాటిని దేవుడి పటం వెనుక దాచింది.

నా మిత్రుడు

ఇప్పుడు అసలు సంగతి. మా ఊరు తెనాలికి రైలు దూరంలో ఉన్న చిన్న ఊరు. అక్కడ నాతో పాటు చదివి, నాతో పాటే 1970 ఏప్రిల్‌లో వేరే శాఖలో ఎల్.డి.సి.గా చేరిన మిత్రుడొకడున్నాడు. వాడి పేరు చెప్పను. చెబితే వాడికి నచ్చదు. ఇద్దరం సాయంత్రం ఒకే హోటలులో కూర్చుని, ఒక కాఫీని రెండు గ్లాసుల్లో పోయించుకొని, వ్రాసినది ఒకరికొకరం చదివి వినిపించుకొనేవాళ్ళం. వాడి వచనం నా వచనం కన్న బాగుండేది. ఈ మాట అప్పుడు వాడితో అనలేదు.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. సముద్రం ఊళ్ళమీద పడ్డది. దాదాపు పదివేలమంది పోయారని ప్రభుత్వ లెక్క. అంతకు మించి అని ఆ ప్రాంతంవారు చెబుతారు. వాడికి సహాయక చర్యల డ్యూటీ వేశారు. రేపల్లె వైపు వెళ్ళాడు, ఆ తర్వాత పెనుమూడి రేవు దాటి దివి వైపు వెళ్ళాడు. పద్దెనిమిది రోజుల తర్వాత తిరిగి వచ్చాడు. వాడి దగ్గర ఒక నోటు పుస్తకం ఉన్నది. అందులో తాను చూసిన ఊళ్ళు, ఇంటింటికి పోయినవారి పేర్లు, బ్రతికినవారు చెప్పిన మాటలు. రెండు వందల పుటల పుస్తకం నిండిపోయి, అట్ట మీద కూడ వ్రాశాడు.

"ఒరే, ఇది అచ్చు కావాలి" అన్నాడు.

"ఉద్యోగంలో ఉండగా కుదరదురా. కలం పేరు పెట్టినా పట్టుకుంటారు. ఆ డ్యూటీలో ఉన్నది నువ్వే గదా" అన్నాను.

"అయితే ఉద్యోగమే అడ్డం" అన్నాడు.

ఒక సంవత్సరం ఆలోచించాడు. 1978 డిసెంబరులో ఒక సాయంత్రం ఇద్దరం రాజీనామా పత్రాలు వ్రాసుకున్నాం. మద్రాసు వెళ్ళాలని, ఒక గది అద్దెకు తీసుకోవాలని, నెలకు రెండు కథలు, నాలుగు వ్యాసాలు వ్రాస్తే గడుస్తుందని లెక్క వేశాం. లెక్క వేసింది నేనే. మరునాడు ఉదయం వాడు తన కాగితం ఇచ్చాడు. నేను ఇవ్వలేదు. చెల్లెలి పెళ్ళి బాకీ ఉన్నది, నాన్నగారి మందులు ఉన్నవి. కారణాలు నిజమే. భయం కూడ నిజమే. ఆ కాగితం ఇప్పటికీ నా సర్టిఫికెట్ల కవరులో ఉన్నది. దానిమీద తేదీ వేయలేదు.

వాడి సర్వీసు ఎనిమిదేళ్ళ ఎనిమిది నెలలు. రాజీనామా చేస్తే గత సర్వీసు అంతా పోతుందని మనకు తెలిసిన రూలే. పింఛనుకు పదేళ్ళు కావాలి, స్వచ్ఛంద విరమణకు ఇరవై కావాలి. వాడికి ఏదీ లేదు. మద్రాసుకు ఒక్కడే వెళ్ళడం ఇష్టంలేక ఊళ్ళోనే ఉండిపోయాడు. 1979 నవంబరులో, ఉప్పెనకు రెండేళ్ళు నిండిన వారంలో, ఆ నోటు పుస్తకంలోని విషయాలు ఒక వారపత్రికలో వాడి పేరుతో వచ్చాయి. ఆ పత్రిక ప్రతి పట్టుకొని దివి నుండి ఒక ముసలాయన వాడి ఇల్లు వెదుక్కుంటూ వచ్చాడు. పోయిన తన మనుమడి పేరు అచ్చులో చూపించి, చాలాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చుని వెళ్ళాడు. "నా రాజీనామాకు రసీదు వచ్చిందిరా" అన్నాడు మావాడు ఆ రాత్రి.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళ బ్రతుకు ఇలా గడిచింది. ఒక దినపత్రికకు ఊరి విలేకరి. సాయంత్రం వార్తల కవరు రైలుకు అందించాలి. నెలాఖరున తాను పంపగా అచ్చయిన వార్తల ముక్కలు కత్తిరించి, తెల్లకాగితాల మీద అతికించి, స్కేలుతో కొలిచి, ఇన్ని సెంటీమీటర్లు అని లెక్క వ్రాసి పంపాలి. దానిని లైన్ అకౌంట్ అంటారు. పంపినదానికి కాదు, అచ్చయినదానికే డబ్బు. వార్త మీద విలేకరి పేరు ఉండదు. అది చాలక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. అభినందన పత్రాలు, సంస్మరణ సంచికలు, శుభలేఖలు వ్రాసేవాడు. ఊరి పెద్దల ఉపన్యాసాలు వ్రాసి ఇచ్చేవాడు. ఏడాదికి ఒకటి రెండుసార్లు విజయవాడ ఆకాశవాణిలో ప్రసంగం. ఆ చెక్కు వచ్చిన రోజు ఇంట్లో పాయసం. మా చెల్లెమ్మ, అంటే వాడి భార్య, కుట్టుమిషను మీద కుట్టి ఇద్దరు పిల్లలను చదివించింది. కలం సంసారంలో సగం భారం ఎప్పుడూ ఇల్లాలిదే. ఆ సంగతి సాహిత్య చరిత్రలు వ్రాసేవారు వ్రాయరు.

ఆరువందల ఎనభై మీటర్లు

నేను 2007లో రిటైరయ్యాను. 2009లో ఒకరోజు చెల్లెమ్మ మా ఇంటికి వచ్చింది. "అన్నయ్యగారూ, ఆయనకు చూపు సరిగా ఆనడం లేదు. వ్రాయలేకపోతున్నారు. వృద్ధులైన రచయితలకు, కళాకారులకు ప్రభుత్వం నెలకు ఏదో ఇస్తుందట గదా. మీకు కాగితాల పని తెలుసు, కాస్త చూడండి" అన్నది.

ఫారం తెచ్చాను. ఎన్ని సంవత్సరాలుగా సాహిత్య సేవ, ఆధారాలు జతపరచవలెను అని ఉన్నది. నాకు గుండె గుభేలుమన్నది. సర్వీసు రిజిస్టరు లేదు, నియామక పత్రం లేదు, వార్తల మీద పేరు లేదు. ఇన్నేళ్ళు వ్రాశాడని ఎవరు ధ్రువీకరిస్తారు? అప్పుడు చెల్లెమ్మ మంచం క్రింది ట్రంకుపెట్టె లాగింది. అందులో నెలవారీగా కట్టిన కట్టలు. ప్రతి లైన్ అకౌంటుకు ఒక ఆఫీసు కాపీ, కార్బన్ పెట్టి తీసినది, వరుస నంబరుతో! ఎనిమిదేళ్ళ గుమాస్తాగిరీ వాడిలో మిగిల్చిన అలవాటు అది. అడుగున ఉన్నవి చెదలు తిన్నాయి. పంతొమ్మిదేళ్ళవి మిగిలాయి.

పదకొండు రోజులు కూర్చుని ఆ సెంటీమీటర్లు అన్నీ కూడాను. నా సర్వీసులో ఏ లెక్కనూ అంత జాగ్రత్తగా కూడలేదు. ఆరువందల ఎనభై మీటర్లు తేలింది. మా ఊరి రైల్వే స్టేషను నుండి మా పాత ఆఫీసు గుమ్మం దాకా పరచవచ్చు. అందులో ఏమున్నది? కాలువ గండ్లు, ధాన్యం ధరలు, అంటువ్యాధులు, పంచాయతీ తగాదాలు, బడి పైకప్పు కూలిన వార్త, నెల తర్వాత దానిని బాగుచేసిన వార్త. మా ఊరి చరిత్ర మరెక్కడా లేదు.

ఫారం నింపి సంతకానికి తీసుకుపోతే వాడు పెట్టనన్నాడు. "నిరుపేదనని వ్రాసి చేయి చాపమంటావా? ముప్పై ఏళ్ళు ఎవరినీ అడగలేదు" అన్నాడు. నేనేమీ వాదించలేదు. 1982 డిసెంబరు కట్ట విప్పి, ఒక ముక్క తీసి చదివి వినిపించాను. నకారా తీర్పు వచ్చిన తర్వాత మా ఊరి పెన్షనర్లు సభ పెట్టుకుంటే వాడు పంపిన వార్త. పింఛను భిక్ష కాదు, చేసిన పనికి ఆలస్యంగా అందే కూలి అని మొదటి వాక్యం.

"ఎవరు వ్రాశారురా ఇది?" అన్నాను.

"పేరు లేదు గదా" అన్నాడు. కొంచెంసేపు ఊరుకొని, నవ్వి, కలం ఇమ్మన్నాడు. సంతకం గీత దాటి పోయింది. చూపు లేదు మరి.

ఆ దరఖాస్తు ఒకసారి అభ్యంతరంతో తిరిగి వచ్చింది, ఆదాయ ధ్రువపత్రం తేదీ సరిగా లేదని. మళ్ళీ పంపాం. మంజూరైంది. మన డి.ఏ. ఒక విడత పెరిగినంత కూడ లేదు ఆ మొత్తం. పద్నాలుగు నెలలు తీసుకున్నాడు. ప్రతి నెలా ఆ డబ్బులో నుండి మొదట దినపత్రిక బిల్లు కట్టేవాడు. తర్వాత వెళ్ళిపోయాడు.

చివరి మనవి

నేను తీసుకున్న నిర్ణయం తప్పా, వాడిది తప్పా అని ఈ వయస్సులో తేల్చడానికి కూర్చోలేదు. పద్ధెనిమిదేళ్ళుగా నెల మొదట్లో నా ఖాతాలో పింఛను పడుతున్నది. మనుమరాలి చదువుకు అందులోనుండి కొంత ఇవ్వగలుగుతున్నాను. ఆ సుఖం చిన్నది కాదు. కాని మా ఊరికి ఉప్పెన సంగతి, కాలువ సంగతి, బడి సంగతి తెలియాలంటే నా ముప్పై ఏడేళ్ళ వోచర్లు ఎవరికీ పనికిరావు. వాటిని నిబంధన ప్రకారం ఎప్పుడో నాశనం చేశారు. వాడి ట్రంకుపెట్టె పనికివస్తుంది.

కనుక సభ్యులకు నా మనవి. మీ ఇండ్లలో గాని, ఇరుగుపొరుగున గాని, బంధువులలో గాని ఇలా కలం మీద బ్రతికినవారు ఉంటే, వారి కాగితాలు పాతపేపర్ల బండికి వేయకండి. వేటపాలెంలో 1918 నుండి ఉన్న సారస్వత నికేతనం పాత పత్రికలు భద్రపరచడంలో పేరు పొందినది. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం స్థాపించి తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చే పని మొదలుపెట్టారు. కథల కాగితాలు దొరికితే ముందుగా అటువంటి చోటికి ఉత్తరం వ్రాసి కనుక్కోండి. వార్తల ముక్కలైతే తేదీ వేసి, వరుస నంబరు ఇచ్చి, ఒక జాబితా తయారుచేసి మీ ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి. జాబితాలు తయారుచేయడం మనకు వచ్చిన విద్య. రిటైరైనంత మాత్రాన మరచిపోము గదా.

వృద్ధ రచయితల సాయానికి దరఖాస్తు చేయవలసినవారు ఎవరైనా ఉంటే, మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం మన సంఘ భవనంలో నేను ఉంటాను. ఫారం నింపి పెడతాను. ఆధారాలు లేవని ఎవరూ వెనుకాడవద్దు. స్కేలు నా దగ్గర ఉన్నది.

సెలవు.